కామాఠిపురం కింది నల్లరాయి – నేలపలకల ప్రయాణం

(ముంబై గ్రాంట్ రోడ్ ప్రాంతపు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారి సభలో రాళ్ల గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి జీవించినవాణ్ని గనుక నాకు తెలిసిన విషయమే మీ ముందు ఉంచగలను. అదీగాక, ఖండాలు ఎందుకు కదులుతాయి, ఎలా కదులుతాయి అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి మనం కూర్చున్న ఈ చోటుకన్నా తగిన చోటు నాకు కనబడలేదు. కారణం ఇది. ఈ కామాఠిపురం కింద ఉన్నది నల్లరాయి. రాజమండ్రి పక్కన కాటేరులో క్వారీలలో తవ్వుతున్నది నల్లరాయి. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవులో ఓడలెక్కిన తెలుగు కూలీలు చేరుకున్న మారిషస్ దీవి కూడా నల్లరాయే. ఈ మూడు చోట్ల రాయీ ఒకే పొయ్యిమీద కాగిందని నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయం. ఒకే పొయ్యి అయినప్పుడు ముంబై ఎక్కడ, మారిషస్ ఎక్కడ? ఈ దూరం ఎలా వచ్చింది? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

మన చేతికి తెలిసిన రాయి

ముందు ఊరి సంగతి. పూర్వం బొంబాయి ఏడు దీవులు. పోటు వచ్చినప్పుడల్లా దీవుల మధ్య పల్లపు నేలల్లోకి సముద్రం వచ్చేది. 1782లో మొదలైన హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట మహాలక్ష్మి, వర్లీల మధ్య గండిని మూసింది. ఆ తరువాత ఆరిన బురద నేలలో వెలసిన పేటలలో మనది ఒకటి. తెలుగు ప్రాంతాలనుంచి, ముఖ్యంగా నైజాం ఇలాకానుంచి వచ్చి మట్టిపని, రాతిపని, సున్నంపని చేసినవారిని ఈ ఊరు కామాఠీలంది. వారున్న చోటు కామాఠిపురమైంది. 1835 నుంచి 1838 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్ పేరుమీద పక్కనున్న రోడ్డు గ్రాంట్ రోడ్ అయింది. అంటే మన పూర్వీకులు ఈ రాయిని ఉలితో, సుత్తితో ముందే ఎరుగుదురు. దాని పుట్టుక మాత్రమే మనం ఆలస్యంగా తెలుసుకుంటున్నాం.

ఈ రాయిని బసాల్ట్ అంటారు. భూమి లోపలినుంచి కరిగి పైకి వచ్చిన లావా గడ్డకట్టగా ఏర్పడినది. మలబార్ హిల్, వర్లీ గుట్టలు అదే. ఎలిఫెంటా గుహలు చెక్కింది అందులోనే. ఫోర్టులో ఉన్న ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయాన్ని పాతవాళ్లు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం అంటారు. దాని గోడలలో కనబడే బూడిదరంగు కుర్లా రాయి బసాల్టే. పక్కనే కనబడే లేత పసుపు మలాడ్ రాయి కూడా అగ్నిపర్వత శిలే. అంధేరీలో గిల్బర్ట్ హిల్ చూసినవారికి తెలుసు, 61 మీటర్ల ఎత్తున రాతిస్తంభాలు కట్టగట్టి నిలబెట్టినట్లుంటుంది. లావా నెమ్మదిగా చల్లారి కుంచించుకుపోయేటప్పుడు, ఎండిన చెరువు మట్టి పలకలుగా బీటలు వారినట్లు, నిలువునా బీటలు వారి స్తంభాలుగా మారుతుంది. గిల్బర్ట్ హిల్ వయసు 6 కోట్ల సంవత్సరాల పైమాటే.

పశ్చిమ కనుమలనుంచి తూర్పుగా ఈ లావా పొరలు ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నాయి. కనుమలలో మొత్తం మందం 2 కిలోమీటర్లకు పైనే. కొండవాలు మెట్లు మెట్లుగా కనబడుతుంది గనుక, స్వీడిష్ భాషలో మెట్టుకున్న మాటనుబట్టి వీటికి దక్కన్ ట్రాప్స్ అన్న పేరు వచ్చింది. ఇదంతా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందటి సంగతి. అందులో అత్యధిక భాగం పది లక్షల సంవత్సరాలలోపే పొంగి పారింది. ఒక పొంగుకూ మరో పొంగుకూ మధ్య ఎడం ఉండేది. ఆ ఎడంలో నేలమీద నీటిగుంటలు ఏర్పడేవి, గడ్డి మొలిచేది, కప్పలు బెకబెకమనేవి. ఇది ఊహ కాదు. వర్లీ గుట్టలో రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న బురదరాతిలో చిన్నచిన్న కప్పల శిలాజాలు దొరికాయి. రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వాటిని 1847లో వర్ణించాడు.

ఇక కాటేరు. గోదావరికి తూర్పుగట్టున కాటేరు, పడమటిగట్టున పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో నల్లరాయి పొరలున్నాయి. పొరల మధ్య ఆల్చిప్పలతో కూడిన సున్నపురాయి ఉంది. అంటే అప్పటికి సముద్రపు ఒడ్డు అక్కడే ఉంది. ఆ నల్లరాతిని రసాయనికంగా పరీక్షిస్తే మహాబలేశ్వర్ ప్రాంతపు లావాతో సరిపోలింది. వయసూ కలిసింది. అప్పటి నదీలోయల వెంబడి ఆ లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు తూర్పుగా పారిందని, భూమిమీద మనకు తెలిసిన లావా ప్రవాహాలలో అంత పొడవైనది మరొకటి లేదని పరిశోధకులు భావిస్తున్నారు. అంత దూరం గడ్డకట్టకుండా ఎలా పారిందని అడుగుతారు. కాగిన జావ మీద తొరక కట్టడం చూశారు కదా. పైన తొరక చల్లారినా లోపలి జావ చాలాసేపు వేడిగానే ఉంటుంది. లావా కూడా అంతే. తన తొరక కిందనే వేడి నిలుపుకొని పారుతూ పోయింది.

సరిహద్దు జిల్లాలవారికి మరొక ఆనవాలు చెబుతాను. ఆదిలాబాద్‌లో పత్తి పండే నల్లరేగడి ఈ లావా రాయి చితికి మట్టి అయినదే. పాలమూరు, నల్లగొండల ఎర్రచెలక గ్రానైటు చితికి వచ్చినది. మన్మాడ్, నాందేడ్ మీదుగా నిజామాబాద్ వెళ్లే రైలులో కిటికీ పక్కన కూర్చోండి. నాందేడ్ దాకా మెట్ల గుట్టలు, నల్లనేల. నిజామాబాద్ వచ్చేసరికి ఏనుగుల్లా కూర్చున్న గుండ్రటి బండరాళ్లు, ఎర్రనేల. ఆ మధ్యలో మీరు దాటింది ఒకనాటి లావా ఆగిపోయిన అంచు. ఆ గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటితో పోలిస్తే మన ముంబై రాయి నిన్నటి పసిబిడ్డ.

గోండుల పేరు మోసిన మహాఖండం

నేల కదులుతుందన్న ఆలోచన ఎలా వచ్చింది? మన గోదావరి లోయే ఒక మూలసాక్ష్యం. కొత్తగూడెం, ఇల్లెందు, రామగుండంనుంచి ప్రాణహిత అవతల చంద్రపూర్ వరకు బొగ్గు ఉంది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ఆ బొగ్గు పొరలలో గ్లాసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకు ముద్రలుంటాయి. అవే ముద్రలు దక్షిణ ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, మంచు కింద అంటార్కిటికాలో దొరికాయి. ఆ చెట్ల గింజలు మహాసముద్రాలు దాటి అన్ని ఖండాలలో మొలిచే అవకాశం లేదు. ఈ రాతి వరుసకు గోండుల సీమ పేరుమీద గోండ్వానా అని పేరు పెట్టారు. తరువాత ఎడువర్డ్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఆ దక్షిణ భూభాగాలన్నిటినీ కలిపి గోండ్వానాలాండ్ అన్నాడు. ఆదిలాబాద్, గడ్చిరోలి అడవుల గోండుల పేరు ఇవాళ ప్రపంచంలోని ప్రతి భూగర్భశాస్త్ర పుస్తకంలోనూ ఉంది. సిరొంచ తెలుగువారు, ఆసిఫాబాద్ తెలుగువారు ఈ మాటను తమ పిల్లలకు తప్పక చెప్పాలి.

స్యూస్ మాత్రం ఖండాలు కదిలాయనలేదు. మధ్యలోని నేల కుంగి సముద్రం వచ్చిందనుకున్నాడు. ఖండాలే విడిపోయి దూరంగా జరిగాయని 1912లో గట్టిగా వాదించినవాడు జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వేగ్నర్. వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రజ్ఞుడు. 1915లో పుస్తకం రాశాడు. తీరరేఖలు అతుకుతున్నాయి, రాతి వరుసలు అతుకుతున్నాయి, శిలాజాలు కలుస్తున్నాయి అన్నాడు. పండితులు ఒక్కటే అడిగారు: ఇంత బరువైన ఖండాన్ని ఏ శక్తి నెడుతుంది? దానికి వేగ్నర్ చెప్పిన జవాబు నిలవలేదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో పరిశోధన చేస్తూ ఆయన మరణించాడు. ఆయన చూపిన సాక్ష్యాలు నిలిచాయి, చెప్పిన కారణం నిలవలేదు. సరైన కారణం దొరకడానికి మరో 30 ఏళ్లకు పైగా పట్టింది.

రాతిలో నిలిచిపోయిన దిక్సూచి

ఈ మధ్యకాలంలో మన నల్లరాయి సాక్ష్యం చెప్పింది. బసాల్టులో ఇనుముతో కూడిన సన్నని ఖనిజకణాలుంటాయి. లావా చల్లారేటప్పుడు ఆ కణాలు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకు తిరిగి గడ్డకట్టిపోతాయి. దారానికి కట్టి వేలాడదీసిన అయస్కాంత సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా నిలుస్తుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ దాని ఉత్తరపు కొన కిందికి వాలుతుంది. దక్షిణానికి వెళ్లేకొద్దీ పైకి లేస్తుంది. కాబట్టి రాతిలోని సూది ఎంత వాలి ఉందో కొలిస్తే ఆ రాయి పుట్టినప్పుడు ఏ అక్షాంశం మీద ఉందో చెప్పవచ్చు.

నోబెల్ బహుమతి గ్రహీత ప్యాట్రిక్ బ్లాకెట్ నాయకత్వంలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో పనిచేసిన క్లెగ్, ఆయన సహచరులు దక్కన్ రాళ్లను అలా కొలిచి 1956లో ఫలితం ప్రకటించారు. ఇక్కడే కొలాబాలో ఉన్న టాటా మౌలిక పరిశోధన సంస్థవారు కూడా దక్కన్ రాళ్ల అయస్కాంతత్వం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. భూమి ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి. దాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత తేలింది ఏమిటంటే, ఈ రాయి గడ్డకట్టినప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 30 డిగ్రీల దగ్గర ఉంది. ఇవాళ ముంబై ఉన్నది ఉత్తరాన 19 డిగ్రీల దగ్గర.

పిల్లలు ఒక లెక్క కట్టండి. 30, 19 కలిపితే 49 డిగ్రీలు. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. మొత్తం దాదాపు 5,500 కిలోమీటర్లు, అంటే 55 కోట్ల సెంటీమీటర్లు. దాన్ని 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలతో భాగించండి. సగటున ఏడాదికి 8 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. ఐదో తరగతి భాగహారంతో ఒక దేశపు ప్రయాణ వేగం తెలిసిపోయింది.

పలకలు, దుప్పటి, తారు

ఇక వేగ్నర్‌ను అడిగిన ప్రశ్నకు వద్దాం. నెట్టేదెవరు?

సమాధానం సముద్రం అడుగున దొరికింది. మహాసముద్రాల నడుమ నీటి కింద వేల కిలోమీటర్ల పొడవున పర్వతశ్రేణులున్నాయి. వాటి నడినెత్తిన చీలిక ఉంది. ఆ చీలికగుండా లావా పైకి వచ్చి కొత్త సముద్రపు అడుగు తయారవుతుందని, పాతది రెండువైపులకూ జరుగుతుందని 1962లో హ్యారీ హెస్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడు ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ ఆ శ్రేణులకు ఇరువైపులా రాతిలోని అయస్కాంత పట్టీలు అద్దంలో ప్రతిబింబంలాగా సరిసమానంగా ఉన్నాయని వివరించారు. 1967, 1968 సంవత్సరాల్లో మెకెంజీ, పార్కర్, మోర్గాన్, లె పిషోన్‌లు దీనికి పూర్తి సిద్ధాంతరూపం ఇచ్చారు. దీన్నే మన పాఠ్యపుస్తకాలు పలక విరూపక సిద్ధాంతం అన్నాయి. నేను నేలపలకల సిద్ధాంతం అంటాను. విన్నవెంటనే అర్థమవుతుంది.

భూమి పైభాగం ఏడు పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి ఉంది. పలక మందం సుమారు 100 కిలోమీటర్లు. ఒక పలకమీద ఖండమూ ఉండవచ్చు, సముద్రపు అడుగూ ఉండవచ్చు. కదిలేది పలక. ఖండం దానిమీద కూర్చున్న ప్రయాణికుడు. వేగ్నర్ ఖండాన్ని సముద్రపు అడుగును దున్నుకుంటూ పోయే నావగా ఊహించాడు, అందుకే చిక్కుపడ్డాడు.

పలకల కింద ఉన్నది కరిగిన ద్రవమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పలకల కింది పొరను ప్రావారం అంటారు. అది దాదాపు అంతా ఘనపదార్థమే. అయినా లక్షల ఏళ్లమీద నెమ్మదిగా సాగుతుంది. రోడ్డు పని చేసినవారికి తారు గడ్డ తెలుసు. సుత్తితో కొడితే పగులుతుంది, కానీ ఒకచోట పడేసి ఉంచితే కొన్నాళ్లకు తనంతట తాను సాగి పరచుకుంటుంది. ప్రావారం స్వభావం అలాంటిది. భూమి లోపలి వేడి బయటికి పోయే క్రమంలో అది మెల్లగా కలియతిరుగుతుంది.

పలకను లాగే ముఖ్యమైన బలం మరొకటి. సముద్రపు అడుగు పుట్టినప్పుడు వేడిగా, తేలికగా ఉంటుంది. కోట్ల ఏళ్లు గడిచేసరికి చల్లబడి, బరువెక్కి, ఒక అంచున ప్రావారంలోకి దిగబడుతుంది. మంచంమీది దుప్పటి అంచు కిందికి జారితే మిగతా దుప్పటిని అదే లాక్కుపోతుంది కదా. దిగబడే అంచు తన వెనకనున్న పలకను అలాగే లాగుతుంది. అందుకే సముద్రపు అడుగులో 20 కోట్ల సంవత్సరాలకన్నా పాతరాయి దాదాపు దొరకదు. అది ఎప్పటికప్పుడు లోపలికి పోతూనే ఉంటుంది. మన తెలంగాణ గ్రానైటు తేలిక గనుక మునగలేదు, 250 కోట్ల ఏళ్లు పైనే నిలిచింది.

పొయ్యి నిలిచింది, నేల నడిచింది

ఇప్పుడు మన కథ వరుసగా చెప్పుకోవచ్చు. గోండ్వానా విడిపోయినప్పుడు సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పుతీరం అంటార్కిటికానుంచి వేరుపడింది. విశాఖ కైలాసగిరిలో, సింహాచలంలో కనబడే ఎర్రని ఖోండలైటు రాతికి జతరాళ్లు అంటార్కిటికా తూర్పుభాగంలో ఉన్నాయి. ఆ చీలిక అంచునే నేటి కృష్ణా గోదావరి డెల్టాల కింది లోతైన మడుగు ఏర్పడి, నదులు తెచ్చిన ఒండ్రుతో నిండింది. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట మడగాస్కర్ విడిపోయింది. తరువాత మన పలక ఉత్తరంగా సాగుతూ ప్రావారంలోని ఒక వేడి చోటు మీదుగా వెళ్లింది. ఇవాళ దానిమీద రీయూనియన్ దీవి ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ తరచు పొంగుతుంది. నేను మొదట్లో చెప్పిన పొయ్యి ఇదే.

వెలిగే దీపంమీద కాగితాన్ని మెల్లగా జరపండి. మసి చుక్కలు వరుసగా పడతాయి. దక్కన్ ఆ వరుసలో మొదటి పెద్ద మరక. అక్కడినుంచి దక్షిణంగా లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద ఉన్న అగ్నిపర్వత వరుస తరువాతి మరకలు. 1987లో సముద్రగర్భాన్ని తొలిచి తీసిన రాళ్ల వయసులు చూస్తే, దక్షిణానికి పోయేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. ఆ తరువాత సముద్రమధ్య శ్రేణి ఆ పొయ్యిమీదుగా జరిగింది. దాంతో పొయ్యి ఆఫ్రికావైపు పలక కిందికి వచ్చింది. అందుచేతనే మారిషస్, రీయూనియన్ దీవులు మన పలకమీద లేవు. మారిషస్ పుట్టి కోటి ఏళ్లకు మించలేదు. ముంబై రాయి పెద్దక్క, మారిషస్ రాయి చిన్నచెల్లెలు. ఇరువురి ఇంటా తెలుగువారు చెమటోడ్చడం చరిత్ర కూర్చిన కలయిక.

సుమారు 6 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందట సీషెల్స్ దీవుల నేల మన పడమటితీరంనుంచి విడిపోయింది. ఆ చీలిక గుర్తుగానే ముంబై గుట్టల లావా పొరలు సముద్రంవైపు ఒరిగి ఉంటాయి. వర్లీ దగ్గర గమనించండి. ఆ కాలంలో మన పలక ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొని వేగం తగ్గింది. మధ్యనున్న సముద్రపు అడుగు ముడతపడి హిమాలయమై లేచింది. ఎవరెస్టు శిఖరంమీద సముద్రజీవుల అవశేషాలున్న సున్నపురాయి ఉండటానికి కారణం అదే.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని కొలిచే శాశ్వత కేంద్రం ఉంది. దాని లెక్కల ప్రకారం ఆ నేల ఈశాన్యంగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. మన చేతిగోరు పెరిగే వేగంకన్నా కాస్త ఎక్కువ. కామాఠీలు ఇక్కడ స్థిరపడి 220 ఏళ్లు దాటింది. అప్పటినుంచి ఈ పేట మొత్తం, గల్లీలతో, చాళ్లతో, గుడులతో, మసీదులతో సహా, 11 మీటర్లకు పైగా ప్రయాణం చేసింది. ఈ ఊళ్లో ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనుక వచ్చారు అన్న తగాదా విన్నప్పుడల్లా నాకు ఈ రాయి గుర్తుకొస్తుంది. అది కూడా భూమధ్యరేఖ అవతలినుంచి వచ్చినదే.

కదిలే నేలమీద నిలిచే ఇల్లు

ఇంతవరకూ చెప్పింది విజ్ఞానం. ఇకమీదట చెప్పేది మన ప్రాణాలకు సంబంధించినది.

దక్కన్ గట్టినేల, భూకంపాలు రావు అని నా చిన్నప్పుడు పుస్తకాలలో ఉండేది. 1967 డిసెంబరు 11న కోయనలో భూమి కంపించింది. జలాశయంలో నిండిన నీరు అందుకు తోడ్పడిందని తేలింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో వచ్చి దాదాపు పదివేలమందిని బలితీసుకుంది. 2001 జనవరి 26న భుజ్‌లో వచ్చినదాని అదురు ముంబైలోనూ తెలిసింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాద్, విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు.

వీటికి కారణం కూడా నేలపలకల కదలికే. మన పలకను వెనకనుంచి బలం తోస్తోంది, ముందు హిమాలయం అడ్డుకుంటోంది. ఆ ఒత్తిడి పలక అంతటా పరచుకుంటుంది. ఎక్కడ పాత గాయముంటే అక్కడ అప్పుడప్పుడు బిగువు సడలుతుంది. గోదావరి లోయ గోండ్వానా కాలపు పాత చీలిక. భద్రాచలం, ములుగు రెండూ ఆ లోయకు చెందినవే. పలకల అంచున అయితే ఆ బిగువు ఎన్నో రెట్లు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మన పలక తూర్పు అంచు పొరుగు పలక కిందికి ఒక్కసారిగా జారింది. దాంతో లేచిన సునామీ మన ఆంధ్రతీరంలో కూడా వందమందికి పైగా పొట్టనబెట్టుకుంది.

ఫలానా రోజు, ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగల శాస్త్రం ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. అలాంటి మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు, పదిమందికి పంపవద్దు. ఎక్కడ ఎంత తీవ్రతకు సిద్ధపడి ఇల్లు కట్టాలో మాత్రం చెప్పగలం. 2002లో వెలువడిన భారత ప్రమాణాల సంస్థ పటం ముంబైని మూడో మండలంలో చూపింది. అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ఊరు.

కిల్లారిలో ప్రాణాలు తీసింది ఇళ్లు. మందపాటి గోడలు, మట్టితో పేర్చిన గుండురాళ్లు, పైన అడుగులకొద్దీ మట్టి మోసే కప్పు. గోడ లోపలి వరుస, బయటి వరుస ఒకదాన్నొకటి పట్టుకోలేదు. అదిరేసరికి రెండూ విడిపోయాయి, కప్పు కూలింది. రాతిపని కులవృత్తిగా ఉన్న ఇళ్లవారికి నేను నేర్పవలసింది లేదు. గోడ మందమంతా అడ్డంగా పట్టే పొడుగురాళ్లు అక్కడక్కడా వేయాలి. మూలల్లో రాళ్లు ఒకదానిపై ఒకటి అల్లుకోవాలి. కిటికీలు, తలుపుల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ పోయాలి. కప్పుమీద బరువు తగ్గించాలి. స్వగ్రామంలో పాతింటిని బాగుచేయిస్తున్నప్పుడు ఈ నాలుగూ మేస్త్రీతో చెప్పండి.

చాళ్లలో ఉన్నవారికి మరో మాట. జాగా చాలడంలేదని మధ్యగోడ, స్తంభం తీసేయవద్దు. పైన నీళ్ల ట్యాంకుల బరువు పెంచేముందు ఇంజనీరును అడగండి. కొయ్యమెట్ల కింద సామాను పేర్చవద్దు. భూమి అదిరినప్పుడు మెట్లమీదికి అందరూ ఒక్కసారి ఎగబడితే భూకంపంకన్నా మెట్లే ఎక్కువ హాని చేస్తాయి. అటక కిందనుంచి తప్పుకొని గట్టి బల్ల కిందికి చేరి, తల కాపాడుకొని, అదురు ఆగాక వరుసగా దిగాలి. పాత కట్టడం పోయి కొత్తది వచ్చేచోట, భూకంప ప్రమాణాల ప్రకారం నిర్మాణపు లెక్క వేయించారా అని ముందే, రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు.

చివరగా ఒక్క మాట. ఈ గంటసేపూ నేను చెప్పిన శాస్త్రానికి మన మాటలు ఎక్కడా తక్కువపడలేదు. తొరక, దుప్పటి, చెలక, రేగడి అన్నీ మన ఇళ్లలోనివే. పలక మీదనే మన పిల్లలు ఓనమాలు దిద్దారు. నేల కూడా పలకే అని చెబితే వారికి వింతగా ఉండదు. మరాఠీ బడిలో చదివే బిడ్డకైనా, ఇంగ్లీషు బడిలో చదివే బిడ్డకైనా ఇంట్లో తల్లి తెలుగులో ఈ కథ ఒకసారి చెబితే, బడిలో విన్న పాఠం మనసులో నిలుస్తుంది. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు పొలంలోనుంచి ఒక గ్రానైటు ముక్క తీసుకురండి. ఇక్కడి నల్లరాయి ముక్క పక్కన పెట్టి, ఏది ఎప్పుడు ఎక్కడ పుట్టిందో పిల్లలచేత చెప్పించండి.